కొలిచినంత మేరకే చిక్కన

పాలలో నీళ్లు కలిపితే లాక్టోమీటర్ మరికాస్త మునుగుతుంది. మీగడ తీసేస్తే పైకి తేలుతుంది. రెండు పనులూ లెక్క చూసుకుని చేస్తే అసలు పాలలో ఏ గీత దగ్గర ఆగేదో సరిగ్గా అక్కడే ఆగుతుంది. 19వ శతాబ్దంలో ఐరోపా, అమెరికా నగరాల పాల వ్యాపారులకు ఈ కిటుకు బాగా తెలుసు. మంచి పాల సాంద్రత నీటికి సుమారు 1.03 రెట్లు. మీగడ నీటికన్నా తేలిక కాబట్టి అది తీసిన పాలు ఇంకాస్త బరువెక్కుతాయి, ఆ పెరిగిన బరువును నీళ్లు సరిచేస్తాయి. మీగడ వెన్నకు పోయేది, నీళ్లు క్యాను నింపేవి, తనిఖీ అధికారి చేతిలోని గాజుబుడ్డి మాత్రం పాలు బాగున్నాయనేది. పాల నాణ్యత చరిత్ర రాసేవాళ్లు మామూలుగా లూయీ పాశ్చర్ దగ్గర మొదలుపెడతారు. ఈ మోసం దగ్గర మొదలుపెడితేనే తర్వాతి కథ సరిగ్గా అర్థమవుతుందని నా అభిప్రాయం. పాలలో దేన్ని కొలిచి డబ్బు కట్టారో అది నిలిచింది, దేన్ని కొలవలేదో అది జారిపోయింది. ఆ కొలత పాలు పోసేవాడి ఎదుట జరిగిందా, వంద చేతులు మారాక జరిగిందా అన్నదాని మీద మిగతాదంతా నడిచింది.

అమెరికాలో వెన్న తీసే కేంద్రాలు మొదట్లో పాలను తూచి డబ్బిచ్చేవి. ఆ పద్ధతిలో నష్టపోయేవాడు నిజాయితీపరుడే. చిక్కటి పాలు పోసినా, నీళ్లు కలిపినవి పోసినా అదే రేటు. 1890లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో స్టీఫెన్ బాబ్‌కాక్ ఒక పరీక్ష కనిపెట్టాడు. పాలలో గంధకామ్లం పోస్తే వెన్న తప్ప మిగతా పదార్థాలన్నీ కరిగిపోతాయి. ఆ సీసాను గిర్రున తిప్పి వేడినీళ్లు పోస్తే వెన్న మెడలోకి చేరుతుంది, అక్కడి గీతలే శాతం చెబుతాయి. దీనికి పండితుడు అక్కర్లేదు, కేంద్రంలో పనిచేసే కుర్రాడు చాలు. బాబ్‌కాక్ దానికి పేటెంట్ తీసుకోలేదు కాబట్టి అది వేగంగా పాకింది. దాదాపు అదే సమయంలో స్విట్జర్లాండ్‌లో నిక్లాస్ గెర్బర్ అమైల్ ఆల్కహాల్ చేర్చి మరో రూపం తయారుచేశాడు. మన డెయిరీల్లో 10.75 మిల్లీలీటర్ల పాలు కొలిచి బ్యుటిరోమీటర్‌లో పోసేది ఆయన పద్ధతే. చట్టం పట్టుకోలేని మోసాన్ని ఈ పరీక్ష పట్టుకోవడం ఒక ఎత్తు. అసలు విశేషం, ఆ మోసానికి ఫలితమే లేకుండా పోవడం. వెన్నకే డబ్బన్నాక నీళ్లు కలిపి మోసుకురావడం వృథా శ్రమ, మీగడ తీయడం తన జేబు తానే కోసుకోవడం. పైగా ఏ ఆవు చిక్కటి పాలిస్తుందో రైతుకు మొదటిసారి అంకెల్లో తెలిసింది. ఏ ఆవును ఉంచుకోవాలి, దేన్ని అమ్మేయాలి అన్న నిర్ణయాలూ వాటితోనే మారాయి.

అయితే వెన్న శాతానికి రోగం కనిపించదు. డెన్మార్క్‌లో సహకార డెయిరీలు 1882 నుంచి పుట్టుకొచ్చాయి. అవి వెన్న తీశాక మిగిలిన పాలను దూడలకు, పందులకు తాగించమని రైతులకే తిరిగి ఇచ్చేవి. అందరి పాలూ ఒకే తొట్టిలో కలిసేవి. అంటే ఏదో ఒక కొట్టంలో క్షయ పట్టిన ఆవు ఒక్కటి ఉన్నా, ఆ క్రిములు సాయంత్రానికల్లా ఊళ్లోని కొట్టాలన్నిటికీ చేరేవి. 1898లో వచ్చిన చట్టం ఆ పాలను బాగా కాచి మరీ ఇవ్వాలంది. కాచారో లేదో తెలిసేదెలా? కంటికి కాచిన పాలు, కాచనివి ఒకటే. విల్హెల్మ్ స్టోర్క్ అనే డేనిష్ శాస్త్రవేత్త ఆ ఏడాదే దారి చూపాడు: పాలలో సహజంగా ఉండే ఒక ఎంజైమ్ 80 డిగ్రీల దగ్గర చచ్చిపోతుంది, రసాయనం కలిపితే రంగు మారకపోవడమే కాచారనడానికి సాక్ష్యం. 1930లలో బ్రిటన్‌లో వచ్చిన ఫాస్ఫటేజ్ పరీక్షదీ ఇదే సూత్రం. క్షయ క్రిమి చావడానికి ఎంత వేడి, ఎంతసేపు కావాలో దానికి కాస్త పైన నశించే ఎంజైమ్ అది. అది కనబడకపోతే క్రిమి కూడా లేనట్టే. 1908లో షికాగో నగరం పాశ్చరైజేషన్‌ను తప్పనిసరి చేయడం పెద్ద వార్తే. కానీ ఆ ఉత్తర్వులు పనిచేశాయా లేదా తెలిసింది ఇలాంటి పేరులేని రంగునీళ్ల వల్లే. 63 డిగ్రీల వద్ద అరగంట, లేదా 72 డిగ్రీల వద్ద 15 సెకన్లు అన్న లెక్కలు కూడా రాతిమీద చెక్కినవి కావు. క్యూ జ్వరం క్రిమి కాస్త మొండిదని తేలాక 1956లో అమెరికా తన అరగంట పద్ధతి వేడిని ఒక డిగ్రీకి పైగా పెంచింది.

ఇక్కడే చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. కాచడం ఖాయమైతే చాలదా, కొట్టంలో శుభ్రత, కేంద్రంలో కొలతలు, ఇన్ని తంటాలెందుకు? దీనికి జవాబు జపాన్‌లో దొరికింది. 2000 మార్చి 31న హొక్కైడోలోని స్నో బ్రాండ్ కంపెనీ తైకి ఫ్యాక్టరీలో సుమారు మూడు గంటలు కరెంటు పోయింది. చల్లగా ఉండాల్సిన పాలు గోరువెచ్చగా నిలిచిపోయాయి, స్టెఫైలోకాకస్ క్రిములు పెరిగి విషం వదిలాయి. తర్వాత వేడి తగిలి క్రిములు చచ్చాయి, విషం చావలేదు. ఆ పాలతో చేసిన పొడి ఒసాకా ఫ్యాక్టరీకి చేరి, ఎండాకాలంలో 13 వేల మందికి పైగా వాంతులు, విరేచనాలతో బాధపడ్డారు. ఆ క్రిముల కోసం వెతికితే పొడిలో బతికున్నది ఒక్కటీ దొరకలేదు! దానికి 15 ఏళ్ల ముందు, 1985లో, ఇల్లినాయీలోని ఒక పెద్ద డెయిరీ నుంచి వచ్చిన పాశ్చరైజ్డ్ పాలతోనే సాల్మొనెల్లా సోకి 16 వేలకు పైగా కేసులు పరీక్షల్లో నిర్ధారణ అయ్యాయి. చిన్న రైతుల చేతుల్లో పాలు శుభ్రంగా ఉండవు, పెద్ద యంత్రాలే దిక్కు అనేవాళ్లు ఈ రెండూ గుర్తుంచుకోవాలి. పెద్ద ఫ్యాక్టరీలో తప్పులు అరుదే కావచ్చు, జరిగినప్పుడు మాత్రం ఒక రాష్ట్రానికంతా వడ్డిస్తాయి.

కొలత ఎక్కడ జరగాలన్న ప్రశ్నకు మన దేశంలో గుజరాత్‌లోని ఆనంద్ పట్టణం ఒక జవాబిచ్చింది. 1945లో బొంబాయి పాల పథకం మొదలయ్యాక ఖేడా జిల్లా పాలు పోల్సన్ కంపెనీ చేతిమీదుగా రైలెక్కేవి. ఊరికీ కంపెనీకీ మధ్య కాంట్రాక్టర్లు ఉండేవాళ్లు. పాలు ఎవరివో, వాటిలో ఏముందో, ఎంత వచ్చిందో రైతుకు తెలిసే దారి లేదు. 1946 డిసెంబరులో త్రిభువన్‌దాస్ పటేల్ నాయకత్వంలో ఖేడా జిల్లా సహకార సంఘం ఏర్పడింది. 1949లో ఇంజనీరు వర్గీస్ కురియన్ ఆనంద్ వచ్చాడు. 1955లో, పాడి సాంకేతిక నిపుణుడు హెచ్.ఎం. దలాయా కృషితో, గేదె పాల నుంచి పొడి చేసే ఫ్యాక్టరీ నిలబడింది. పొడి గురించి అందరూ రాశారు. అంతకన్నా పెద్ద ఆవిష్కరణ నా దృష్టిలో ఊరి పాల కేంద్రం. పొద్దున, సాయంత్రం ఎవరి పాలు వాళ్లవిగా కొలుస్తారు, ప్రతివాళ్ల గిన్నె నుంచీ శాంపిల్ తీస్తారు, వెన్న చూస్తారు, మర్నాటి పూటకు డబ్బు చేతిలో పెడతారు. పక్కింటివాళ్లకు ఎంత వచ్చిందో వరసలో నిలబడ్డవాళ్లందరికీ తెలుస్తుంది. రైతే సంఘంలో సభ్యుడు కాబట్టి పక్కవాడి నీళ్లు తన లాభాన్ని తింటున్నట్టే. 1970లో మొదలైన ఆపరేషన్ ఫ్లడ్ ఈ నమూనాను దేశమంతా తీసుకెళ్లింది. ఆంధ్రప్రదేశ్‌లో 1974లో పాడి అభివృద్ధి సంస్థ ఏర్పడ్డాక మన జిల్లాల్లోనూ ‘ఫ్యాట్ ఎంత, ఎస్.ఎన్.ఎఫ్. (వెన్న కాక మిగతా ఘనపదార్థాలు) ఎంత’ అన్నది ఇంటి ఆడవాళ్లు నోటిలెక్కగా చెప్పే మాటైంది. మన దగ్గర చాలాచోట్ల బిల్లు పది, పదిహేను రోజులకోసారి వస్తుంది. ఆ మేరకు పరీక్షకూ డబ్బుకూ మధ్య ముడి వదులైంది.

ఈ వాదనను గట్టిగా కొట్టగల ఉదాహరణ చైనాది. 2008లో షిజియాజువాంగ్ నగరపు సాన్లు కంపెనీ పాలపొడి తాగిన పసిపిల్లల మూత్రపిండాల్లో రాళ్లు కనిపించాయి. మొత్తంమీద సుమారు 3 లక్షల మంది పిల్లలు జబ్బుపడ్డారు, ఆరుగురు చనిపోయారని అధికారికంగా ప్రకటించారు. అక్కడా డబ్బు పరీక్షకే ముడిపడి ఉంది, ఆ ముడే కొంప ముంచింది. ప్రోటీన్‌ను లెక్కగట్టే పద్ధతి 1883లో కోపెన్‌హాగన్‌లో యోహాన్ కెల్డాల్ కనిపెట్టినది. అది నేరుగా ప్రోటీన్‌ను చూడదు, నత్రజనిని చూసి గుణిస్తుంది. ప్రోటీన్‌లో నత్రజని ఆరో వంతు కూడా ఉండదు. కంచాలు, బల్లలపై అంటించే రేకులు చేసే మెలమైన్‌లో మూడింట రెండు వంతులు అదే. నీళ్లు కలిపిన పాలలో చిటికెడు మెలమైన్ వేస్తే పరీక్ష ముందు అవి చిక్కటి పాలు. డబ్బు కొలతకు కట్టినంత కాలం కొలతను మోసగించేవాడు పుడతాడన్నది దీన్నుంచి తేలే అభ్యంతరం, అది నిజమే. మన దేశంలో మాత్రం తక్కువ జరిగిందా? ఒట్టి లాక్టోమీటర్ చూసినచోట పంచదార, ఉప్పు, యూరియా వచ్చాయి. ఒట్టి వెన్న చూసినచోట నూనె, దాన్ని పాలలో కలపడానికి డిటర్జెంటు వచ్చాయి. పులుపు చూసినచోట సోడా వచ్చింది.

కానీ సాన్లు కథలో పాలు ఎవరి చేతులు మారాయో చూడండి. ఒకటి రెండు ఆవులున్న రైతులు పాల సేకరణ స్టేషన్లకు పోసేవాళ్లు. స్టేషన్ యజమాని అందరివీ కలిపి కంపెనీకి అమ్మేవాడు. పరీక్ష జరిగేది కలిపాక, కంపెనీ గేటు దగ్గర. మెలమైన్ కలిపే అవకాశం, అవసరం రెండూ ఉన్నది ఈ మధ్యవాడికి. ఏ ఊరి పాలలో ఏముందో తిరగేసి చెప్పగలిగేవాళ్లు లేరు. 2009లో చైనా ఈ కేసులో ఇద్దరికి మరణశిక్ష అమలు చేసింది, కంపెనీ అధినేతకు జీవితఖైదు వేసింది. శిక్షలు తప్పని కాదు, అయితే కొలత అదే చోట, అదే రీతిలో ఉన్నంతకాలం ఉరితాడు చేసేది తక్కువ. అంతకన్నా తెలివైన పని మన దేశంలోనే జరిగింది. నెయ్యిలో వనస్పతి కలిపితే కనిపెట్టడం కష్టం కాబట్టి, వనస్పతిలో కనీసం 5 శాతం నువ్వుల నూనె ఉండి తీరాలని నిబంధన పెట్టారు. నువ్వుల నూనె బోడ్వాన్ పరీక్షలో ఎర్రగా మారుతుంది, నెయ్యిలో వనస్పతి చేరితే ఆ ఎరుపు దాన్ని బయటపెడుతుంది. జర్మనీ 1897లోనే వనస్పతికి పెద్దన్నలాంటి మార్గరీన్ మీద ఇదే ఉపాయం వాడింది. దొంగను వెంటాడే బదులు దొంగసొమ్ముకు ముందే రంగు పూయడమన్నమాట.

మన పాలు ఇప్పుడెలా ఉన్నాయన్న దానికి రెండు సర్వేలు తరచూ వినబడతాయి. 2011లో దేశ ఆహార భద్రతా సంస్థ తీసిన 1,791 శాంపిళ్లలో 68.4 శాతం ప్రమాణాలకు సరిపోలేదు. పత్రికలు దాన్ని ‘మూడింట రెండొంతుల పాలు కల్తీ’ అని రాశాయి. వాటిలో చాలావరకు వెన్న, ఇతర ఘనపదార్థాలు తక్కువైనవే, అంటే నీళ్లు చేరినవి, పల్చటివి. 2018లో అదే సంస్థ 6,432 శాంపిళ్లు తీస్తే ప్రమాదకరమైన కల్తీ 12 శాంపిళ్లలోనే బయటపడింది. వాటిలో ఎక్కువ తెలంగాణవి కావడం మనకు గర్వకారణమేమీ కాదు. ఆ 12 మీద జరిగినంత చర్చ అసలు సంగతి మీద జరగలేదు: 5.7 శాతం శాంపిళ్లలో అఫ్లటాక్సిన్ ఎం1 అనుమతించిన మేరకు మించి ఉంది.

ఇది ఎవరూ పాలలో కలిపేది కాదు. బూజు పట్టిన దాణా నుంచి వస్తుంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోతే కారణం వెతుకుతూ పోయినవాళ్లు బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ చెక్క దగ్గర తేలారు. ఈ విషం ప్రపంచానికి తెలిసింది అలాగే. వేరుశనగ చెక్క, పత్తిగింజల చెక్క పశువు తింటే ఆ విషం రూపం మార్చుకుని పాలలోకి దిగుతుంది. కాచినా పోదు, చల్లబరిచినా పోదు, లాక్టోమీటర్‌కు తగలదు, వెన్న శాతాన్ని కదిలించదు. వర్షంలో తడిసిన చెక్కను పారేసిన రైతుకూ, చవగ్గా దొరికిందని అదే చెక్క కొన్న రైతుకూ ఊరి కేంద్రంలో వచ్చే చీటీ ఒకటే. అందులో లీటర్లుంటాయి, ఫ్యాట్ ఉంటుంది, ఎస్.ఎన్.ఎఫ్. ఉంటుంది, రేటు ఉంటుంది. దాణాకు, పశువుకు వేసిన సూదిమందుకు గడి లేదు. పెద్ద డెయిరీలు ట్యాంకర్ స్థాయిలో వీటిని పరీక్షించగలవు. అప్పటికి వందల ఇళ్ల పాలు ఒకటైపోయి ఉంటాయి, ట్యాంకర్ మొత్తం పారబోసినా ఆ చెక్క ఏ కొట్టంలో ఉందో తెలియదు. బూజు లేని దాణా వాడిన రైతుకు లీటరు మీద ఒక రూపాయి ఎక్కువ వచ్చేలా ఊరి కేంద్రంలోనే ఈ కొలత తీయాలంటే చవకైన, నిమిషాల్లో తేలే పరీక్ష కావాలి. గంధకామ్లం సీసాతో బాబ్‌కాక్ వెన్న విషయంలో చేసింది అదే పని. ఈ విషం విషయంలో ఆ పని ఇంకా సేకరణ కేంద్రం గడప దాటి లోపలికి రాలేదు.