ఇంటి ప్లాను – నాడు, నేడు

కడప మునిసిపాలిటీ 1868లో ఏర్పడింది. 1920 నాటి మద్రాసు చట్టం ప్రకారమైనా, తరువాత వచ్చిన 1965 నాటి ఆంధ్రప్రదేశ్ మునిసిపాలిటీల చట్టం ప్రకారమైనా అనుమతి లేనిదే ఇల్లు కట్టరాదు. నాడు బ్లూప్రింటు, దస్తావేజు నకలు, చలానా జతచేసి అర్జీ పెడితే, స్థలం తనిఖీ అయ్యాక మంజూరు ఉత్తర్వు వచ్చేది. 2004లో కార్పొరేషన్ అయింది. 2017 భవన నిబంధనల నాటికి అర్జీ ఆన్‌లైన్‌కు మారింది.

మారనిది ఇంటిచుట్టూ వదలవలసిన ఖాళీ. అది మనకూ, పొరుగింటికీ గాలి, వెలుతురు. ప్లాను మీరి కట్టిన ఇళ్ల కోసం 2007, 2015లలో అపరాధ రుసుము పథకాలు వచ్చాయి.

గ్రాట్యుటీ సొమ్ముతో ఇల్లు కట్టుకుంటున్న మిత్రులారా! ప్లాను మంజూరుతో పని తీరదు. ప్లాను ప్రకారమే కట్టినట్లు ధ్రువపరిచే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ తీసుకుని దస్తావేజుతోపాటు భద్రపరచండి. రేపు పిల్లలకు ఆఫీసుల చుట్టూ తిరిగే పని తప్పుతుంది.