కూలి లెక్క, కాగితం లెక్క

ఊరు కదలకుండానే జిల్లా మారినవాళ్ళం మేము. మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు 1970 ఫిబ్రవరి వరకు కర్నూలు జిల్లాలో ఉండేవి. ఆ నెలలో ఒంగోలు జిల్లా ఏర్పడింది. 1972లో దానికి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. మా తాతగారి భూమి పత్రాల మీద ఒక జిల్లా, మా నాన్నగారి పత్రాల మీద మరొక జిల్లా. చెట్టూ చేనూ మాత్రం ఉన్నచోటనే ఉన్నాయి. మనిషికీ కాగితానికీ ఉన్న సంబంధం ఎంత పలచనిదో నాకు మొట్టమొదట బోధపడింది ఆ పత్రాలు తిరగవేస్తున్నప్పుడే.

నల్లమలకూ వెలిగొండకూ నడుమనున్న మా నేలకు వాన నిలకడ లేదు. పలకల గనులు, పలకల ఫ్యాక్టరీలు కొందరికి తిండి పెట్టాయి గాని అందరికీ కాదు. వానలు మొహం చాటేసిన ఏడు మా వీధిలో సగం ఇళ్ళకు తాళాలు పడేవి. మూటా ముల్లే, చంటిపిల్లలు, ఒక గిన్నెల సంచి — మార్కాపురం రోడ్డు స్టేషనులో రైలెక్కి గుంటూరు వైపు మిరప కోతలకు పోయేవారు. అట్లా పోయివచ్చిన పెద్దాయన ఒకరు మా అరుగు మీద కూర్చుని చెప్పిన మాట నాకు నేటికీ గుర్తున్నది. ఇరవై రెండు రోజుల కూలి ఎగ్గొట్టి మేస్త్రీ మాయమైతే వీళ్ళందరూ కలిసి దగ్గరలోని పోలీసు స్టేషనుకు వెళ్ళారట. "కూలి ఇప్పీమని పోతే, మీదే ఊరు, ఇక్కడికెందుకొచ్చినారు, మిమ్మల్ని తెచ్చిందెవరు అని అడగబట్టిరి నాయనా. ఇంకేం జెప్తాం, మూటలు ఎత్తుకోని వచ్చేస్తిమి" అన్నాడు. అప్పట్లో నేను హైస్కూలు పిల్లవాడిని. చట్టమంటే పుస్తకంలో ఉండేది కాదు, బల్లకు అవతల కూర్చున్నవాడు మొదట అడిగే ప్రశ్న అని ఆనాడు తెలియలేదు.

"నీకు ఎంత రావాలి?" అన్నది ఒక ప్రశ్న. "నువ్వు ఎవరివి, ఎక్కడివాడివి?" అన్నది మరొకటి. ఈ రెండింటినీ ఒకే మనిషి అడిగినచోట మొదటి ప్రశ్నకు జవాబు చెప్పేందుకు కూలివాడు నిలబడడు. ఈ రెండు ప్రశ్నలనూ విడదీయడానికి కొన్ని చోట్ల జరిగిన ప్రయత్నాల చరిత్రను చదువరులతో పంచుకోవాలని ఈ వ్యాసం.

మన దేశంలో తెల్లవారి ఏలుబడిలో చట్టం నడచింది దీనికి సరిగ్గా ఎదురుదిక్కున. 1859 నాటి పదమూడవ చట్టం ప్రకారం, అడ్వాన్సు తీసుకున్న కూలివాడు పని మానేస్తే యజమాని మేజిస్ట్రేటు దగ్గరకు పోవచ్చు. డబ్బు తిరిగి కట్టు, లేదా పోయి పని చెయ్యి అని మేజిస్ట్రేటు ఆదేశిస్తాడు. రెండూ చేయకపోతే మూడు నెలల వరకు జైలు. కూలి ఎగ్గొట్టిన యజమానికి ఇందులో శిక్ష లేదు. ఆ చట్టం 1926 వరకు బతికి ఉన్నది. అంటే ఒక అరవైయేడేళ్ళ పాటు ప్రభుత్వ యంత్రాంగం పారిపోయిన కూలీని పట్టి తెచ్చే పనిలో యజమానికి సాయంగా నిలిచింది. చట్టం పోయినా ఆ అలవాటు ఎంతవరకు పోయిందో మా పెద్దాయనను అడిగితే తెలిసేది.

స్వతంత్రం వచ్చాక, 1979లో, అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చింది. ఒరిస్సా దాదన్ కూలీల దుస్థితి దాని పుట్టుకకు కారణం. ఫొటో ఉన్న పాసు పుస్తకం, రాకపోకల ఖర్చు, నెల కూలిలో సగం గాని 75 రూపాయలు గాని — ఏది ఎక్కువైతే అది — స్థానభ్రంశ భత్యం, ఇవన్నీ అందులో రాసి ఉన్నాయి. అయితే పేరులోనే 'అంతర్రాష్ట్ర' ఉన్నది కదా. మార్కాపురం నుండి బెంగుళూరు పోయినవాడికి అది వర్తించేది; గుంటూరు పోయినవాడికి వర్తించేది కాదు. మరొక చిత్రం చూడండి. హైదరాబాదులో ఇళ్ళు కట్టే పనికి పోయిన మావాళ్ళు 2014 జూన్ 2న, తట్ట దించకుండానే, అంతర్రాష్ట్ర వలస కార్మికులైపోయారు! జిల్లా మారినట్టే ఇదీను. ఆ చట్టం ఇప్పుడు 2020 నాటి కార్మిక నియమావళిలో కలిసిపోయింది. ఒక మంచి పని గురించి మాత్రం చెప్పాలి: 2019 ఆగస్టులో ఆంధ్ర, తెలంగాణలు రేషను కార్డును ఒకరి రాష్ట్రంలో మరొకరు చెల్లుబాటు చేసుకోవడం మొదలుపెట్టాయి. బియ్యం దుకాణం దగ్గర "ఏ ఊరు?" అనే ప్రశ్నకు పదును తగ్గింది.

కాకతాళీయమే కావచ్చు, అదే 1979 నవంబరులో అమెరికాలోని లాస్ ఏంజెలెస్ నగర పోలీసు శాఖ తన సిబ్బందికి ఒక ఉత్తర్వు ఇచ్చింది. దాని పేరు స్పెషల్ ఆర్డర్ 40. ఒక మనిషి దేశంలోకి సక్రమంగా వచ్చాడా లేదా తెలుసుకోవడమే లక్ష్యంగా ఏ పోలీసూ ఎవరినీ ఆపరాదు అన్నది దాని సారాంశం. దీనిని కేవలం దయాదాక్షిణ్యాలకు ముడిపెడితే పొరపాటు. దొంగతనానికి సాక్షి అయినవాడు, దెబ్బలు తిన్న ఇల్లాలు, కూలి పోగొట్టుకున్నవాడు పోలీసును చూసి పారిపోతుంటే ఆ నగరంలో నేరాన్ని విచారించేదెట్లా అన్న లెక్క అది. మావాళ్ళు తిరిగివచ్చిన స్టేషనులో ఎవరికీ తట్టని లెక్క.

నిజానికి ఆ దేశంలో ఈ దారి బానిసత్వపు రోజులలోనే పడింది. పారిపోయిన బానిసలను పట్టి ఇవ్వాలన్నది కేంద్ర చట్టం. 1842లో ప్రిగ్ కేసులో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని సమర్థిస్తూనే, దానిని అమలు చేసే భారం రాష్ట్రాల అధికారుల మీద మోపనక్కరలేదని చెప్పింది. బానిసల యజమానులు గెలిచామనుకున్నారు. మరుసటి ఏడే మసాచుసెట్స్ రాష్ట్రం ఆ వాక్యాన్ని పట్టుకుని, తన అధికారులు ఆ పనిలో పాల్గొనరాదని, తన జైళ్ళను అందుకు వాడరాదని శాసించింది. తీర్పులోని ఒక పక్క వాక్యం అసలు తీర్పు కన్నా ఎక్కువ కాలం బతకడం న్యాయచరిత్రలో అరుదు కాదు.

ఆ పిమ్మట 1971లో బర్క్‌లీ నగరం వియత్నాం యుద్ధానికి పోనన్న నావికులకు ఆశ్రయం ప్రకటించింది. 1985లో చికాగో మేయర్ హెరాల్డ్ వాషింగ్టన్, 1989లో న్యూయార్క్ మేయర్ ఎడ్ కోచ్ ఉత్తర్వులు ఇచ్చారు. ఎల్ సాల్వడార్, గ్వాటెమాలా నుండి పారిపోయి వచ్చినవారి కోసం 1985లో తీర్మానం చేసిన శాన్‌ఫ్రాన్సిస్కో, 1989లో దానిని నగర శాసనంగా మార్చింది.

కేంద్రం ఊరుకోలేదు. వలసదారు హోదా గురించిన సమాచారం కేంద్రానికి చెప్పకుండా స్థానిక ప్రభుత్వాలు తమ ఉద్యోగులను అడ్డుకోరాదని 1996లో చట్టం చేసింది. నగరాలకు దొరికిన ఉపాయం చాలా సరళమైనది. అడిగితేనే కదా తెలిసేది, తెలిస్తేనే కదా చెప్పేది? కాబట్టి అసలు అడగవద్దు అన్నారు. 1997లో ప్రింట్జ్ కేసులో సుప్రీంకోర్టు, కేంద్రం తన పనికి స్థానిక అధికారులను బలవంతాన వాడుకోరాదని తీర్పిచ్చింది. ఆ కేసు వేసినవారు తుపాకుల చట్టాన్ని వ్యతిరేకించిన పల్లెటూరి షెరీఫులు! వలసదారుల నగరాలకు కవచమైనది వారు గెలిచిన తీర్పే.

ఇంతవరకు పోలీసుల కథ. కూలి కథ 2002లో మలుపు తిరిగింది. హాఫ్‌మన్ ప్లాస్టిక్ కేసులో, యూనియను పెట్టుకోబోయాడని అక్రమంగా తొలగించిన కార్మికుడికి, కాగితాలు లేని కారణాన, ఆ తొలగింపు కాలపు జీతం చెల్లించనక్కరలేదని సుప్రీంకోర్టు 5–4 తేడాతో తేల్చింది. చేసిన పనికి కూలి ఇవ్వనక్కరలేదని ఆ తీర్పు అనలేదు. కానీ సామాన్యుడి చెవికి చేరేది తేడా కాదు, భయం. అదే ఏడు కాలిఫోర్నియా బదులుగా చట్టం చేసింది: కార్మిక చట్టాల రక్షణ వలస హోదాతో నిమిత్తం లేకుండా అందరికీ ఉంటుంది, ఆ హోదాను విచారించరాదు అని. 2013లో మరొకటి చేసింది: జీతం అడిగిన కార్మికుడిని "వలస పోలీసులకు పట్టిస్తా" అని బెదిరించడం యజమాని చేసే నేరపు పని అవుతుంది. బెదిరింపును తప్పుగా గుర్తించడం ఈ చరిత్రలో అన్నిటికన్నా ముఖ్యమైన అడుగని నా అభిప్రాయం. ఎందుకంటే ఎగ్గొట్టే మేస్త్రీ చేతిలో ఉండే ఒకే ఒక కర్ర అది.

2017లో ఆ రాష్ట్రమే స్థానిక పోలీసులు కేంద్ర వలస శాఖకు చేసే సాయాన్ని కుదించింది. పనిచోటికి తనిఖీ వస్తున్నదని కార్మికులకు ముందుగా తెలియజేయాలని మరొక చట్టంలో పెట్టింది. కేంద్రం దావా వేసింది. 2019లో అప్పీలు కోర్టు ఈ రెండింటినీ నిలబెట్టింది; ప్రైవేటు యజమాని వారంటు లేనివారిని లోపలికి రానివ్వరాదన్న నిబంధన మాత్రం అంతకు ముందే కింది కోర్టులో ఆగిపోయింది. 2020లో సుప్రీంకోర్టు ఈ వ్యాజ్యాన్ని వినడానికి నిరాకరించింది. మన తెలుగువారు విస్తారంగా ఉన్న ఎడిసన్ పట్టణం గల న్యూజెర్సీలో ఇటువంటి ఆదేశమే 2018 నవంబరులో వచ్చింది. ఇచ్చినవారు నాటి అటార్నీ జనరల్ గుర్బీర్ గ్రేవాల్, భారత సంతతి సిక్కు.

ఈ ఆశ్రయాల శక్తిని ఎక్కువ చేసి చెప్పరాదు. కేంద్ర అధికారులు ఏ నగరంలోనైనా తమంతట తాము వచ్చి అరెస్టు చేయవచ్చు. స్థానిక పోలీసు చేయి కలపడు, అంతే.

మనవాళ్ళలో చాలామంది ఈ వార్తలను "అక్రమంగా వచ్చినవాళ్ళ గొడవ, మనకెందుకు" అని పక్కకు నెట్టడం నేను చూశాను. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయం మీద దాడి జరిగింది. అక్కడి విద్యార్థులలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్ నుండి వెళ్ళినవారే. కొందరి కాళ్ళకు రేడియో పట్టీలు బిగించిన ఫొటోలు చూసి ఇక్కడి ఇళ్ళల్లో అన్నాలు మానేశారు. 2019 జనవరిలో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం వ్యవహారం బయటపడింది. అది కేంద్ర ఏజెంట్లే వల పన్ని నడిపిన బూటకపు సంస్థ. మొదటి విడతలో పట్టుబడ్డ భారతీయులు 129 మంది, వారిలో అధికులు తెలుగువారు. చదువుకోవడానికా, పని కోసమా వాళ్ళు చేరింది అన్న వాదం జరిగింది. వాదం ఎటు తేలినా, నిన్నటిదాకా "సక్రమం" అనుకున్నవాడు ఒక్క పొద్దుతో "అక్రమం" కావచ్చునని మన ఇళ్ళకు అప్పుడు తెలిసింది.

మా పెద్దమ్మ కొడుకు కథ ఇంత పెద్దది కాదు. 2009లో మా అన్న కాలిఫోర్నియాలో ఒక కన్సల్టింగు కంపెనీ తరఫున హెచ్‌1బి మీద ఉన్నాడు. ప్రాజెక్టు అయిపోయాక మూడు నెలలు బెంచి మీద కూర్చోబెట్టి రూపాయి ఇవ్వలేదు. బెంచి కాలానికీ జీతం ఇవ్వాలని 1998లోనే కేంద్ర చట్టం చెప్పింది. అడిగితే, "నీ వీసా మా చేతుల్లో ఉంది కదా, ఆలోచించుకో" అన్నారట. అచ్చం మేస్త్రీ మాటే; కాకపోతే ఇంగ్లీషులో. ఆ రాష్ట్రపు లేబర్ కమిషనర్ కార్యాలయంలో జీతపు ఫిర్యాదు వేస్తే వీసా గురించి అడగరు. అప్పటికి ఆ చట్టం వచ్చి ఏడేళ్ళయింది. మా అన్న ఫిర్యాదు ఫారం తెచ్చుకుని, పేరు, చిరునామా, రావలసిన మొత్తం అన్నీ నింపాడు. సంతకం దగ్గర ఆగిపోయాడు.

తరువాత వేరే కంపెనీకి మారాడు, గ్రీను కార్డు కూడా వచ్చింది. మొన్న సంక్రాంతికి గిద్దలూరు వచ్చినప్పుడు ఈ సంగతంతా తానే చెప్పాడు. ఆ ఫారం ఇంకా ఫైలులో ఉన్నదట. మూడు నెలల జీతం రాలేదు.