తొక్కిన మంచు, తోసిన మంచు

అమెరికా ఈశాన్యాన ఉన్న వెర్మాంట్ రాష్ట్రంలో, పంతొమ్మిదో శతాబ్దంలో, చలికాలం ముదిరాక ఊరి కూలీలకు ఒక చిత్రమైన పని పడేది. అక్కడి వాగుల మీద చెక్క వంతెనలుండేవి. దూలాలు తడిసి కుళ్లిపోకుండా వాటికి ఇంటికి వేసినట్టే పైకప్పు వేసి, పక్కగోడలు కట్టేవారు. బయట రోడ్డంతా మంచు పేరుకుపోయినా కప్పు కింద వంతెన మాత్రం పొడిగా ఉండిపోయేది. కూలీలు పారలతో మంచు ఎత్తి తెచ్చి ఆ వంతెన లోపల పరిచేవారు. ఊరు డబ్బిచ్చి మరీ రోడ్డు మీద మంచు వేయించుకునేది!

కారణం బండిలోనే ఉంది. చలికాలంలో అక్కడి రైతులు చక్రాల బండ్లను పక్కన పెట్టి, కింద రెండు పట్టీలుండే స్లెడ్జి బండ్లకు గుర్రాలను కట్టేవారు. మంచు మీద ఆ పట్టీలు సునాయాసంగా జారతాయి, పొడి చెక్క తగిలితే పట్టేస్తాయి. మిగతా కాలాల్లో బురదలో కూరుకుపోయే దారి, మంచు పడి గట్టిపడ్డాక ఆ ఏడాదిలోకెల్లా మంచి దారి అయ్యేది. అడవి నుంచి దుంగలు, ఇంటికి వంటచెరకు, చెరువు నుంచి కోసిన ఐసుగడ్డలు అన్నీ చలికాలంలోనే తోలుకునేవారు. రైతుకు మంచు పని ఆపే శత్రువు కాదు, బరువులు మోయించే నేస్తం. ఈ సంగతి తెలియకపోతే మంచు తీసే యంత్రాల చరిత్ర సగమే అర్థమవుతుంది.

కాబట్టి ఆ ఊళ్లు మంచును తీసేసేవి కావు, అణగదొక్కేవి. అందుకో రోలరు ఉండేది. చెక్క పలకలతో చేసిన రెండు పెద్ద పీపాలను పక్కపక్కన ఒకే చట్రానికి బిగించేవారు. ఒక్కో పీపా దాదాపు మనిషెత్తు. మలుపులో ఒకటి నెమ్మదిగా, ఒకటి వేగంగా తిరగాలి కనుక రెండుగా చేసేవారు. బరువు చాలకపోతే రాళ్లు పేర్చేవారు. నాలుగో ఆరో గుర్రాలు లాగుతుంటే తోలేవాడు పైన ఎత్తున కూర్చునేవాడు, పారలు పట్టుకుని కొందరు వెంట నడిచేవారు. గాలికి గుట్టలుగా పోగైన మంచును రోలరు ఏమీ చేయలేదు, అక్కడ పారే దిక్కు. చాలా ఊళ్లలో రైతులు రోడ్డు పన్నును డబ్బుగా కాక ఇలా ఒళ్లు వంచి చెల్లించేవారు. తన గుర్రాలు, తన పార, తన ఇంటి ముందు దారి.

ఈ పద్ధతిలో కష్టాలు లేవని కాదు. పడిన మంచు మీద పడినట్టే తొక్కుతూ పోతే దారి ఎత్తు పెరిగి, పక్కల మంచు మెత్తగా మిగిలేది. ఎదురుబండి వస్తే పక్కకు తప్పుకున్న గుర్రం పొట్ట దాకా దిగిపోయేది. వసంతంలో ఆ గట్టి మంచు మెత్తబడినప్పుడు గుర్రాల కాళ్లు పొరలోంచి జారిపోయేవి.

అంతా తలకిందులు చేసింది కారు. 1908లో ఫోర్డు మోడల్ టి వచ్చాక పల్లె రైతు కూడా కారు కొన్నాడు, కానీ మంచు పడగానే దాన్ని కొట్టంలో దిమ్మెల మీదికెత్తి వసంతం దాకా వదిలేసేవాడు. తపాలా మనిషి, వైద్యుడు మాత్రం ఆగలేరు కదా! న్యూ హాంప్‌షైర్‌లోని వెస్ట్ ఓసిపీలో ఫోర్డు కార్లమ్మే వర్జిల్ వైట్ దీనికొక ఉపాయం కనిపెట్టాడు. ముందు చక్రాల స్థానంలో స్కీలు, వెనక చైను పట్టీలు బిగించి 1920లలో ఆ సామగ్రిని అమ్మాడు. రోలరు తొక్కిన దారి మీద అది చక్కగా పోయేది. రోడ్డును కారుకు తగ్గట్టు మార్చకుండా, కారునే మంచుకు తగ్గట్టు మార్చిన ఈ ఆలోచన మరికొంత కాలం బతకాల్సింది.

బతకలేదు, ఎందుకంటే అప్పటికే మొదటి ప్రపంచ యుద్ధం మరో దారి చూపించింది. 1917 చలికాలంలో అమెరికా సైన్యం తన లారీలను రైళ్లలో ఇరికించలేక, ఫ్యాక్టరీల నుంచి తూర్పు తీరపు రేవులకు సొంత చక్రాల మీదే పంపింది. దారిలో పెన్సిల్వేనియా కొండలున్నాయి. ఆ రాష్ట్ర రోడ్ల శాఖ చలికాలమంతా రహదారిని మంచు లేకుండా ఉంచింది. దూరపు రోడ్డును అలా ఉంచడం సాధ్యమేనని జనం కళ్లారా చూశారు. యుద్ధం ముగిశాక సైన్యం దగ్గర మిగిలిన వేల లారీలను ప్రభుత్వం రాష్ట్రాల రోడ్ల శాఖలకు పంచింది. వాటిలో విస్కాన్సిన్‌లోని క్లింటన్‌విల్ అనే చిన్న ఊళ్లో తయారైన ఎఫ్‌డబ్ల్యుడి లారీలు కూడా ఉన్నాయి. ఒట్టో జాకో, విలియం బెసర్‌డిచ్ అనే బావాబామ్మర్దులు నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందేలా చేసిన బండి అది. మంచులో రెండు చక్రాలు జారినా మిగతావి పట్టుకుంటాయి. ముందు ఒక ఇనుప బ్లేడు కడితే చాలు, ఫిరంగుల కోసం చేసిన లారీ పాలబండికి దారి చేసేది.

న్యూయార్క్ రాష్ట్రం ఉత్తరాన టగ్ హిల్ పీఠభూమి ఉంది. ఒంటారియో సరస్సు మీదుగా వచ్చే చల్లగాలి నీటి ఆవిరిని మోసుకొచ్చి ఆ ఎత్తు మీద దించేస్తుంది. ఏటా సగటున 200 అంగుళాలకు పైగా, అంటే 5 మీటర్లు దాటి పడుతుంది. అక్కడ మామూలు బ్లేడు ఏ మూలకు? ఆ చుట్టుపక్కల క్లేటన్‌లో కార్ల్ ఫ్రింక్ లారీలకు మంచు తోసే బ్లేడ్లు చేయడం మొదలుపెట్టాడు. అదే రాష్ట్రంలో మోరిస్ అనే ఊరి హెచ్.హెచ్. లిన్ వెనక చైను పట్టీలు, ముందు చక్రాలు లేదా స్కీలు ఉన్న ట్రాక్టరు చేశాడు. అది పరిగెత్తదు, కానీ ఆగదు. ముందు మంచును చీల్చే కోణపు బ్లేడు, పక్కన రెక్క. రెక్క పనే అసలైన పని. రోడ్డంచున పేరిన మంచు గోడను అది ఇంకా వెనక్కి నెట్టి, రేపటి మంచుకు చోటు మిగులుస్తుంది. ఆ చోటు లేకపోతే జనవరికల్లా దారి ఒక్క బండి పట్టేంత సందైపోతుంది. రెక్కను ఎత్తి దించడానికి వెనక మనుషులు నిలబడేవారు, ఆ చలిలో, గంటల తరబడి.

తోయడానికి చోటే లేనప్పుడు మంచును విసిరేయాలి. ఆ యంత్రం పొలంలోంచే పుట్టింది. కెనడాలోని క్విబెక్ రైతుబిడ్డ ఆర్థర్ సికార్డ్‌కు ధాన్యపు యంత్రం పనిచేయడం చూసినప్పుడు ఈ ఆలోచన తట్టింది. గింజను అలా లాగి విసరగలిగితే మంచును ఎందుకు విసరకూడదు? ఆలోచన కార్యరూపం దాల్చడానికి దశాబ్దాలు పట్టి, 1925లో మొదటి యంత్రం నడిచింది. 1927లో మాంట్రియల్ పక్కన ఔట్రెమాంట్ పట్టణం దాన్ని కొన్నది.

ఈ యంత్రాలన్నిటికీ 1949 జనవరి పెద్ద పరీక్ష పెట్టింది. నెబ్రాస్కా, దక్షిణ డకోటా, వయోమింగ్ మైదానాల మీద తుపాను వెంట తుపాను విరుచుకుపడింది. ఊళ్ల దగ్గరున్న యంత్రాలు చాలలేదు. తెరిచిన దారిని ఆ రాత్రి గాలే పూడ్చేది. జనవరి 29న సైన్యం రంగంలోకి దిగింది. మేజర్ జనరల్ లూయిస్ పిక్ నాయకత్వంలో బుల్డోజర్లు 1,15,000 మైళ్ల దారి తెరిచాయి, 2,43,000 మందికి పైగా జనాన్ని, 40 లక్షల పశువులను బయటి లోకంతో మళ్లీ కలిపాయి. గడ్డి అందని మందలకు విమానాల నుంచి మేత మోపులు జారవిడిచారు. సైన్యం ఏటా రాదు. పెద్ద రోడ్డు నుంచి కొట్టం దాకా ఉన్న ఆఖరి ముక్క రైతు మీదే మిగలడం ఆ పల్లెల్లో ఏటా ఉండే సంగతి.

ఆ ఆఖరి ముక్కను తెరిచే బరువు పాత ట్రాక్టరు మీద పడింది. 1938లో హెన్రీ ఫోర్డు, ఐర్లాండ్ ఇంజనీరు హారీ ఫెర్గూసన్ కేవలం చేతులు కలిపి ఒప్పందం కుదుర్చుకున్నారు. మరుసటి ఏడాది వచ్చిన ఫోర్డు 9ఎన్‌లో వెనక మూడు కొక్కేల హైడ్రాలిక్ ఏర్పాటు ఉంది. గుంటూరులో, నిజామాబాద్‌లో ట్రాక్టరు వెనక గొర్రునో రోటవేటర్‌నో ఎత్తి దించేది ఇదే ఏర్పాటు. దానికి దుక్కి సామాను విప్పి బ్లేడు తగిలిస్తే మంచు బండి తయారు. 1947 నుంచి 1952 దాకా వచ్చిన 8ఎన్ ఒక్కటే 5 లక్షలకు పైగా అమ్ముడైంది. ఇవి గొప్ప బలమున్న బండ్లు కావు, అయినా ఉత్తర అమెరికా పల్లెల్లో ఇప్పటికీ మంచు తోస్తున్నాయి.

వాటి మన్నికకు కారణం ఇనుము మందం ఒక్కటే కాదు. 1939లో వచ్చిన ట్రాక్టరు ఫార్మాల్ హెచ్‌లో నిప్పురవ్వ బ్యాటరీ అక్కర్లేని మాగ్నెటో నుంచి వస్తుంది, బ్యాటరీ చలికి చచ్చినా హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చేయొచ్చు. పాత జాన్ డీర్ రెండు సిలిండర్ల బండ్లకు ఫ్లైవీలునే చేత్తో తిప్పుతారు. తీవ్రమైన చలిలో డీజిలు గడ్డకట్టి ఫిల్టరు మూసుకుపోతుంది, పెట్రోలు ఇంజనుకు ఆ బెడద లేదు. ఏ భాగం ఏం చేస్తుందో కంటికి కనిపిస్తుంది కనుక పదహారేళ్ల కుర్రాడు కూడా కొట్టంలోనే బాగుచేసుకోగలడు. బరువు కోసం వెనక టైర్లలో కాల్షియం క్లోరైడ్ కలిపిన నీళ్లు నింపుతారు, పట్టు కోసం పైన గొలుసులు చుడతారు. ఇంజను వేడి ఒంటికి తగలాలని చుట్టూ కాన్వాసు కడతారు. మంచు విసిరే యంత్రాన్ని వెనక తగిలిస్తే బండిని రివర్సులోనే నడపాలి, పూట గడిచేసరికి మెడ పట్టేస్తుంది. విసిరే యంత్రానికి ఒక మెత్తని బోల్టు వేస్తారు. రాయి తగిలితే ముందు ఆ బోల్టే తెగి, ఖరీదైన గేరుపెట్టెను కాపాడుతుంది. అలాంటివి జేబులో నాలుగు పెట్టుకోకుండా తెలిసినవాడెవడూ బయల్దేరడు.

గులక రోడ్ల వాళ్లకు ఇంకో లెక్క ఉంది. నేల ఇంకా గడ్డకట్టకముందు పడిన మొదటి మంచును బ్లేడుతో తీస్తే గులకంతా పోయి పక్క పొలంలో పడుతుంది. అందుకని చాలామంది ఆ మొదటి రెండు మూడు అంగుళాలను ముట్టుకోరు, ట్రాక్టరును అటూ ఇటూ నడిపి టైర్లతో అణచి, కింద గట్టి పొర చేసుకుంటారు. తర్వాత పడే మంచును ఆ పొర మీది నుంచే తోస్తారు. బ్లేడు కింద ఇనుప చెప్పులు బిగించి దాన్ని నేలకు కాస్త ఎత్తున ఉంచేదీ అందుకే. ఈ పాత ట్రాక్టర్లకు ప్లగ్గులు, గాస్కెట్లు, కార్బురేటరు సామాను ఇప్పటికీ కొత్తవి తయారవుతున్నాయి. శరత్కాలం వచ్చిందంటే పల్లె రైతు ముందు చేసే పని పాత నూనె తీసి పల్చటి నూనె పోయడం, గొలుసుల్లో అరిగిన లింకులు మార్చడం, బ్లేడు అంచును తిప్పి బిగించడం.