పేరు తెల్వదు

కండ్లు నలుపకు బిడ్డా. పొగ తాకితే నలుపుడు కాదు. పో, గోలెంల నీళ్లున్నయి, దోసిట్ల పట్టుకొని రెప్పలు కొట్టుకుంట కడుక్కొని రా.

వచ్చినవా? ఇటు దిక్కు కూసో. అటు కూసుంటే గాలి పొగను నీ మీదికే తోలుతది. మంట కాడ కూసునే ముందు గాలి ఎటు కొడుతున్నదో చూడాలె. ఈ ఎరుక నాకు భోపాల్ల అయింది.

అప్పుడు నేను ఆడ బీహెచ్ఈఎల్ల వెల్డర్ని. పిప్లాని దిక్కు క్వార్టర్. మీ నాయన రెండేండ్లోడు. 1984, డిసెంబర్ 2, ఐతారం. గిసొంటి చలే. ఊరికి ఉత్తరాన పురుగుమందులు చేసే ఫ్యాక్టరీ ఉండె. అండ్ల ఒక ట్యాంకుల మిథైల్ ఐసోసైనేట్ అనేది 40 టన్నుల దాకా ఉండె. దాంట్లెకు నీళ్లు పోయినయి. నీళ్లు కలిస్తె అది ఉడికి ఉడికి ఆవిరై తంతది. నడిరాత్రి దాటినంక తన్నింది. ఆ గ్యాసు మనం పీల్చే గాలి కన్న బరువు, పైకి లేవదు. చలికి నేలబారున పాకుకుంట జేపీ నగర్ గుడిసెల్లకు, ఖాజీ క్యాంపుకు, రైల్వే స్టేషన్ దాకా పోయింది. పండుకున్నోళ్లు ఎవలో మిరపకాయలు కాలవెడుతున్నరని లేచిండ్రట. లేచి ఉరికిండ్రు. ఉరికితె ఊపిరి ఎక్కువ పీలుస్తం గద, విషం సుత గంతనే ఎక్కువ లోపటికి పోయింది. తడిబట్ట మూతికి కట్టుకున్నోళ్లు జర నయం. గ్యాసు నేల మీదనే ఉండె, పసిపిల్లలకే ముందుగాల తాకింది.

మా దిక్కు ఊరికి తూర్పు, దూరం. మాకు తాకలె. తెల్లారి సంగతి తెలిసి మా షాపుల ముగ్గురం సైకిళ్ల మీద హమీదియా దవాఖానకు పోయినం. మెట్ల మీద కాలు వెట్ట జాగ లేదు. వరండలల్ల, చెట్ల కింద, అంతట మనుషులే. కండ్లు వాసి మూసుకపోయి, ఒకల భుజం ఒకలు పట్టుకొని వస్తున్నరు. దగ్గుడు, కక్కుడు, నోట్లె నురుగు. గాంధీ మెడికల్ కాలేజిల సదివే పోరగాండ్లు, మీసం సుత సరిగ రానోళ్లు, నిద్ర లేక, నీళ్లు లేక ఉరుకుతున్నరు. వాళ్లకు నేను ఇయ్యాళ్టికీ చేతులెత్తి మొక్కుత.

పాము కరిస్తె ఏ పామో అడుగుతరు గద. ఆ డాక్టర్లు సుత గదే అడిగిండ్రు, ఇది ఏం విషం, విరుగుడు ఏంది అని. ఫ్యాక్టరీ దిక్కు నుంచి వచ్చిన జవాబేంది? కండ్లల్ల నీళ్లు తెచ్చే గ్యాసు అసొంటిదే, నీళ్లతోటి కడగండి అని. కండ్లకు నీళ్లు మందే, కాదన. కడిగి, అట్రోపిన్ చుక్కలేసి, మలాం రాసి, దూది వెట్టి పంపిండ్రు. మరి ఊపిరితిత్తులను దేనితోటి కడుగుతవు బిడ్డా? లోపలి పొర కాలిందంటె నీరు ఊరి అండ్ల నిండుతది. మనిషి గడ్డ మీద ఉండే మునిగిపోతడు. నీరు దిగెతందుకు లాసిక్స్, వాపుకు స్టెరాయిడ్, ఊపిరికి ఆక్సిజన్. చేతిల ఉన్నయన్నీ ఇచ్చి చూసిండ్రు.

ఆక్సిజన్ అంటె నాకు తెలుసు, రోజూ పట్టే సిలిండరే. వాల్వు ఎట్ల తిప్పాలె, రెగ్యులేటర్ ఎట్ల బిగించాలె చూసి, నన్ను ఆ పని మీదనే ఉంచిండ్రు. ఓ మనిషి సాయం వట్టబోయిండు, చలికని చేతులకు ఆవనూనె రాసుకొని ఉన్నడు. ముట్టకు అని గట్టిగ ఒర్రిన. నూనె చేతితోటి ఆక్సిజన్ వాల్వు ముడితె మంట లేవొచ్చు. పాపం, ఆయన బిత్తరపోయిండు.

నేను సుత ఓ తప్పు చేసిన. ఏడెనిమిదేండ్ల పోరడు గోడకు ఒరిగి కూసున్నడు. అలిసిండని సదరంగ పండవెట్టి, నా గొంగడి కప్పిన. సిలిండర్ మార్చి వచ్చేసరికి వాని పెదాలు నీలమైనయి. ఓ మెడికల్ పిల్ల ఉరికొచ్చి, బిఠావ్, బిఠావ్ అని నా చెయ్యి గుంజింది. కూసోవెట్టినం. గొంతుల గురగుర జర తగ్గింది. ఊపిరితిత్తులల్ల నీరున్నోన్ని పండవెట్టొద్దు, ఒరుగవెట్టి కూసోవెట్టాలె. గొంగడి చుట్టజేసి వాని ఈపు ఎనుక వెట్టి, మళ్ల పని మీద పోయిన.

శవాలను కోసి చూసిన పెద్దాయన డాక్టర్ హీరేష్ చంద్ర. నెత్తురు పండు రంగుల ఎర్రగ ఉన్నది, సైనైడు అసొంటిదేదో ఉన్నది, సోడియం థయోసల్ఫేట్ సూది వెయ్యుండ్రి అన్నడు. జర్మనీ నుంచి డాండెరర్ అనే విషాల డాక్టర్ ఆ మందు వట్టుకొని వచ్చిండు. ఇగ కొట్లాట. వెయ్యాలె అని ఒకలు, వద్దని ఒకలు. సర్కారు వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్ పరీక్ష చేసి, సూదితోటి గుణం కనవడుతున్నదని 1985ల చెప్పింది. అప్పటికి వారాలు గడిచినయి. ట్యాంకుల ఏమున్నదో, లోపటికి పోతె ఏం చేస్తదో, ముందుగాలనే దవాఖానకు రాసిస్తె ఏం పోయేది? నాకు ఇప్పటికీ కడుపుల మండుతది.

2020 మే 7న విశాఖపట్నంల, ఆర్.ఆర్. వెంకటాపురంల స్టైరీన్ అనే గ్యాసు లీకైతె టీవీ ముంగట కూసున్న. పొద్దుగాల రోడ్డు మీద కుప్పకూలిన మనుషులు. 12 మంది పోయిండ్రు. ఆ పొద్దే గ్యాసు పేరు చెప్పిండ్రు. పేరు ఇన్నంక నాకు జర ఊపిరాడింది. భోపాల్ల ఆ పేరే దొరకలె.

ఏంది? ఆ పోరడా?

పొద్దుగూకంగ ఆడికి పోయిన. ఆ గోడ కాడ వేరే ముసలామె ఒరిగి కూసున్నది. ఈపు ఎనుక నా గొంగడే ఉన్నది. పోరన్ని ఎవలు తీసుకపోయిండ్రని అడిగిన. వాని పేరేంది అన్నరు. నేను అడగనే అడగలె. గొంగడి ముసలామె కాడనే ఉంచి సైకిలెక్కిన.