గోధుమల వడ్డీ

మొన్న ఇంటిపన్ను కట్టి రశీదు తెచ్చుకున్నాను. మొత్తం ఎంతో చూసి, నిట్టూర్చి, మడతపెట్టి జేబులో వేసుకునే బాపతు మనిషిని నేను. ఆ రోజు తీరిక ఎక్కువై ఒక్కొక్క పద్దూ చదివాను. అందులో గ్రంథాలయ పన్ను అని ఒకటుంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం పుణ్యమా అని రూపాయి ఇంటిపన్నుకు ఎనిమిది పైసలు పుస్తకాల ఖాతాలో పడతాయన్నమాట. ఇన్నాళ్ళూ నాకు తెలియకుండానే సరస్వతికి దీపం పెడుతున్నానని లోలోపల కాస్త గర్వపడ్డాను కూడా.

సరిగ్గా అప్పుడే పక్కింటాయన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. అమ్మాయి డిగ్రీ పూర్తిచేసింది. లైబ్రరీ సైన్సు చదువుతానంటోంది. తండ్రికేమో అనుమానం.

"పెద్దసారూ, బుక్కులు సర్దుడు నేర్వనీకె గూడ కాలేజి ఉంటదా?"

మా రావిర్యాలలో ఏ ప్రశ్నకైనా వెంటనే జవాబు చెప్పడం కుదరదు. శంషాబాద్‌లో 2008లో విమానాశ్రయం వచ్చినప్పట్నించీ, నెత్తిమీద విమానం మోగితే మాట ఆపి, అది దాటాక అందుకోవడం అలవాటైపోయింది. అది దాటాక, "ఎందుకుండదు? ఉస్మానియాలో 1959 నుంచీ ఆ శాఖ ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అయితే 1935లోనే మొదలుపెట్టారు" అన్నాను.

"మరి దానికి పైసలెవరిస్తరు?"

మొదటి ప్రశ్నకు రెండు వాక్యాల్లో జవాబు చెప్పాను. రెండో దానికి చాలా వెనక్కి వెళ్ళాల్సి వచ్చింది.

ఈ చదువుకు మొదటి బడి 1887లో న్యూయార్కులో, కొలంబియా కళాశాలలో పెట్టారు. పెట్టినవాడు మెల్విల్ డ్యూయీ. పుస్తకాల వీపుమీద అంకెలు వేసే పద్ధతి కనిపెట్టిన మహానుభావుడు ఆయనే. మొదటి తరగతిలో ఇరవైమంది చేరితే అందులో పదిహేడుగురు ఆడవాళ్ళు. ఆడవాళ్ళను చేర్చుకోవడం పెద్దలకు ఇష్టం లేకపోయినా ఆయన వినలేదు. ఈ ముక్క చెప్పగానే పక్కింటి అమ్మాయి తండ్రివైపు ఓరగా చూసింది.

మన దేశంలో ముందుగా ఖర్చుకు వెనకాడని పుణ్యాత్ముడు బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్. అమెరికా నుంచి బోర్డెన్ అనే ఆయన్ని పిలిపించి, 1911లో సంస్థానం తరఫున గ్రంథాలయ శిక్షణ తరగతి నడిపించాడు. అంబేద్కర్ గారు 1913లో అదే కొలంబియాకు చదువుకోవడానికి వెళ్ళింది కూడా ఈ రాజుగారి ఉపకారవేతనం మీదే. నెలకు పదకొండున్నర పౌన్లు, మూడేళ్ళపాటు. ఒక్క ఖజానా తలుపు తెరుచుకుంటే ఎంత దూరం వెలుగు పడుతుందో చూడండి.

మన తెలుగువాళ్ళకు అలాంటి రాజు దొరకలేదు. దొరికింది అయ్యంకి వెంకటరమణయ్య గారు. 1914లో బెజవాడలో మహాసభ జరిపి ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం స్థాపించారు. తర్వాత ఆ సంఘం గ్రంథాలయాలు నడపడంలో శిక్షణ కూడా ఇప్పించింది. అయ్యంకి వారి దగ్గర ఖజానా లేదు, కాళ్ళకు ఓపిక మాత్రం ఉంది.

ఇక రంగనాథన్ గారి సంగతి. లెక్కల మాస్టారు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయం గ్రంథపాలకుడిగా వేసుకుని, పని నేర్చుకు రమ్మని లండన్ పంపింది. ఆ రుణం ఆయన మరచిపోలేదు. జీవితమంతా కూడబెట్టిన లక్ష రూపాయలు 1950లలో అదే విశ్వవిద్యాలయానికిచ్చి, భార్య శారదగారి పేర గ్రంథాలయ శాస్త్రంలో ఆచార్య పదవి పెట్టించారు. లక్ష అంటే ఆ రోజుల్లో మాటలా!

అన్నిటికన్నా విచిత్రమైంది గోధుమల కథ. 1951లో మన దేశంలో తిండిగింజలకు కటకట వచ్చింది. ఇరవై లక్షల టన్నుల ధాన్యం కోసం అమెరికాను అడిగాం. వాళ్ళు ఊరికే ఇవ్వాలా, అప్పివ్వాలా అని నెలల తరబడి వాదులాడుకుని, చివరికి పంతొమ్మిది కోట్ల డాలర్లు అప్పుగా ఇచ్చారు. అయితే ఆ చట్టంలోనే ఒక మంచిమాట కూడా రాశారు. మనం కట్టే వడ్డీలో మొదటి యాభై లక్షల డాలర్లు విద్యా వినిమయానికే ఖర్చు పెట్టాలని. ఆ డబ్బుతో మన విశ్వవిద్యాలయాల గ్రంథాలయాలకు అమెరికా పుస్తకాలు వచ్చాయి. మన గ్రంథపాలకులు జట్లు జట్లుగా అక్కడికి వెళ్ళి, అక్కడి గ్రంథాలయాలు చూసి, పని నేర్చుకుని వచ్చారు. గింజలు మనం తిన్నాం, వడ్డీ పుస్తకాలు తిన్నాయి!

పక్కింటాయన ఇదంతా ఓపిగ్గా విన్నాడు. "అవన్నీ అప్పటి ముచ్చట్లు. ఇప్పుడేమున్నది సారూ?" అన్నాడు.

ఇప్పుడూ లేకపోలేదు. ఎం.లిబ్. చదివి, యు.జి.సి. వారి పరీక్షలో జూనియర్ రిసెర్చి ఫెలోషిప్పు గెలిచి, పరిశోధనలో చేరితే నెలకు 37,000 రూపాయలు. 2023 జనవరి నుంచి అమలైన లెక్క ఇది. కానీ అది మేడమీది గది. మెట్లెక్కడానికే డబ్బు కావాలి కదా! మెట్ల దగ్గర ఉన్నది పోస్టుమెట్రిక్ స్కాలర్‌షిప్పు. 1944లో షెడ్యూల్డు కులాల పిల్లల కోసం మొదలై తర్వాత మిగతావారికీ విస్తరించిన ఏర్పాటు. అది కులం, ఆదాయం చూసి ఇచ్చేదే తప్ప, ఈ చదువు దేశానికి కావాలని ఇచ్చేది కాదు. రాజుగారు, రంగనాథన్ గారు, గోధుమల వడ్డీ - ముగ్గురూ ఈ చదువు కావాలనే ఇచ్చారు. తేడా అక్కడుంది.

ఆయన కాసేపు ఆలోచించి, బల్లమీదున్న నా రశీదు చేతిలోకి తీసుకున్నాడు.

"మేం గూడ కడ్తున్నం గదా సారూ ఈ ఎనిమిది పైసలు. ఊరూరా అందరు కడ్తరు. గోధుమల మిత్తితోని సదివినోళ్ళున్నప్పుడు, గీ పైసలల్ల కొంచెం తీసి జిల్లాకొక్క పిల్లనన్న సదివియ్యరాదా?"

ఇంత చరిత్ర చెప్పిన నాకు ఆ ముక్క తోచనే లేదు. చెప్పొద్దూ, సిగ్గేసింది. ఏదో అనబోయేంతలో విమానం వచ్చి నన్ను కాపాడింది.

అది దాటేసరికి అమ్మాయి నా కలం తీసుకుని దరఖాస్తు నింపుతోంది. తండ్రి లేచి, "ఇన్‌కం సర్టిఫికెట్టుకు మీసేవకు పోవాలె బిడ్డా, జల్ది రాయి" అన్నాడు.