పర్ణశాలల పండుగ: క్రైస్తవ విశ్వాసంలో దాని చరిత్ర

ఏడాది పంటలన్నీ ఇల్లు చేరాక యూదులు ఏడు రోజులపాటు జరుపుకొనే పండుగ ఇది. హీబ్రూలో సుక్కోత్. తెలుగులో గుడారాల పండుగ అని కూడా అంటారు. యూదుల తిష్రీ నెల 15న, అంటే సెప్టెంబరు చివర్లోనో అక్టోబరులోనో మొదలవుతుంది. పూర్వం ఇశ్రాయేలీయులు యెరూషలేముకు యాత్రగా వెళ్లి చేసుకున్న మూడు పెద్ద పండుగల్లో ఇది చివరిది. మొదటిదైన పస్కా మీద క్రైస్తవులు ఈస్టరును నిలుపుకొన్నారు. రెండోదైన వారాల పండుగ పెంతెకొస్తు అయింది. మూడోది మాత్రం ప్రధాన సంఘాల క్యాలెండర్లలో సొంత పేరుతో చోటు దక్కించుకోలేదు. అలాగని మాయమూ కాలేదు. మట్టలు ఒకచోట, నీళ్లు మరొకచోట, పాకలు ఇంకోచోట అన్నట్టు క్రైస్తవంలో చెల్లాచెదురుగా కలిసిపోయింది.

నిర్గమకాండంలో ఇది కేవలం ఫలసంగ్రహపు పండుగ. అక్కడ పాకల ఊసే లేదు. కళ్లంలోని ధాన్యమూ గానుగలోని ద్రాక్షరసమూ చేరాక, దాసదాసీలనూ పరదేశులనూ అనాథలనూ విధవరాండ్రనూ కలుపుకొని సంతోషించమంటుంది ద్వితీయోపదేశకాండం. ఐగుప్తు నుంచి బయటపడ్డ పూర్వీకులు పాకల్లో బతికిన రోజులను గుర్తుచేసుకోవాలన్న కారణం చెప్పేది లేవీయకాండం. చేను కాపలాకు మన రైతులు వేసుకొనే మంచెల వంటి పాకలే మొదటి పర్ణశాలలని, ఎడారి జ్ఞాపకం వాటికి తర్వాత జత అయిందని చాలామంది పరిశోధకులు భావిస్తారు. బబులోను చెర నుంచి తిరిగి వచ్చినవారు ఇళ్ల కప్పుల మీదా, ముంగిళ్లలోనూ, నగర ద్వారాల దగ్గరా పాకలు వేసుకున్న దృశ్యం నెహెమ్యా గ్రంథంలో ఉంది.

ఈ పండుగలో అర్పించే కోడెల లెక్క కూడా గమనించదగ్గది. సంఖ్యాకాండం ప్రకారం మొదటి రోజు 13, తర్వాత రోజుకొకటి చొప్పున తగ్గుతూ ఏడో రోజుకు 7, మొత్తం 70. లోకంలోని 70 జనాంగాల కోసమే ఈ బలులని తల్మూదులోని రబ్బీల వ్యాఖ్య. జెకర్యా ప్రవచనం చివరి అధ్యాయం ఇంకా ముందుకు వెళ్లింది. ఒకనాటికి అన్యజనులందరూ ఏటా యెరూషలేముకు వచ్చి ఈ పండుగే ఆచరిస్తారని, రానివారికి వాన కురవదని చెప్పింది. పరజాతుల నుంచి వచ్చిన క్రైస్తవులకు ఈ పండుగ మీద మక్కువ కలగడానికి అసలు మూలం ఇక్కడుంది.

వాన మాట ఊరికే రాలేదు. పాలస్తీనాలో వేసవి పొడవునా చినుకు రాలదు. పండుగ వెళ్లగానే తొలకరి కోసం ఎదురుచూడాలి. అందుకే దేవాలయంలో ఈ రోజుల్లో బలిపీఠం మీద ద్రాక్షరసంతో పాటు నీళ్లు కూడా పోసేవారు. క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన యూదుల ధర్మ సంకలనం మిష్నా ఈ తంతును కళ్లకు కట్టిస్తుంది. యాజకుడు బంగారు కూజాతో సిలోయము కోనేటికి దిగి సుమారు లీటరు నీళ్లు ముంచుకొని వస్తాడు. నీటి ద్వారం దగ్గర బూరలు ఊదుతారు. బలిపీఠం మీద రెండు వెండి పాత్రలుంటాయి. నీళ్లు పోసేదానికి సన్నని రంధ్రం, ద్రాక్షరసం పోసేదానికి వెడల్పాటి రంధ్రం, రెండూ ఒకేసారి ఖాళీ కావాలని. పోసేటప్పుడు జనం ‘చెయ్యి పైకెత్తు!’ అని కేకలు వేసేవారట. ఒకసారి ఎవరో నీటిని పీఠం మీద కాక తన కాళ్ల మీద పోసుకుంటే, చేతుల్లో ఉన్న ఎత్రోగ్ పండ్లతో జనం అతన్ని కొట్టారు. ఎత్రోగ్ అంటే మన మాదీఫలమే. హస్మోనీయ రాజు, ప్రధాన యాజకుడు అయిన అలెగ్జాండర్ యన్నేయును ఈ పండుగలోనే జనం ఈ పండ్లతో కొట్టారని, ప్రతీకారంగా అతను సుమారు 6,000 మందిని చంపించాడని యూదు చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు. రాత్రిళ్లు స్త్రీల ఆవరణంలో పెద్ద దీపస్తంభాలు వెలిగేవి. యాజకుల పాత వస్త్రాలు చింపి వాటికి వత్తులు చేసేవారు.

యోహాను సువార్త 7వ అధ్యాయం చదివేటప్పుడు ఈ నేపథ్యం తెలిసి ఉండాలి. యేసు ఈ పండుగకే యెరూషలేముకు వెళతాడు. పండుగ చివరి మహాదినాన నిలబడి, దప్పిగొన్నవారు తన దగ్గరకు రావాలని పిలుస్తాడు. తరువాతి అధ్యాయంలో తానే లోకానికి వెలుగని ప్రకటిస్తాడు. ఆ వెంటనే 9వ అధ్యాయంలో గుడ్డివాణ్ని కళ్లు కడుక్కోమని పంపింది ఆ సిలోయము కోనేటికే. నీళ్లు, వెలుగు, కోనేరు వరసగా రావడం యాదృచ్ఛికం అనుకోవడం కష్టం. దేవాలయంలో ఏటా జరిగే కర్మకాండ అర్థమంతా యేసులో నెరవేరిందన్నదే సువార్తికుడి వాదం.

మిగతా ఆనవాళ్లు ఇంత స్పష్టంగా లేవు. యేసు రూపాంతరం పొందిన కొండ మీద శిష్యుడు పేతురు మూడు పర్ణశాలలు కడతానంటాడు. మట్టల ఆదివారాన జనం పట్టుకున్న ఖర్జూరపు మట్టలు, వేసిన హోసన్నా కేకలు ఈ పండుగవే. గొంజి, నిరవంజి కొమ్మలతో ఖర్జూరపు మట్టను కట్టి, ఎత్రోగ్‌తో కలిపి ఊపే ఆచారం యూదుల్లో నేటికీ ఉంది. ప్రకటన గ్రంథంలో సింహాసనం ముందు నిలిచిన సకల జనాంగాల చేతుల్లోనూ మట్టలే ఉంటాయి.

క్రీ.శ. 70లో రోమన్లు దేవాలయాన్ని కూల్చాక యాత్ర ఆగింది. తర్వాతి మూడు నాలుగు శతాబ్దాల్లో సంఘం ఈ పండుగను ఉపమానంగా చదువుకుంది. ఒలింపస్ మెథోడియస్ తన ‘సింపోజియం’లో పర్ణశాలను మట్టి శరీరంతో పోల్చి, పండుగను పునరుత్థానానికి సూచనగా చెప్పాడు. జెరోమ్ జెకర్యా ప్రవచనాన్ని అక్షరార్థంలో తీసుకోవడాన్ని తప్పుపట్టాడు. ఇంకోపక్క అంతియొకయ క్రైస్తవుల్లో కొందరు యూదుల పండుగలకే నేరుగా వెళ్లిపోయేవారు. 386-387లో జాన్ క్రిసోస్తమ్ వారిని గద్దిస్తూ చేసిన ప్రసంగాలు యూదుల మీద విషం కక్కాయి. తర్వాతి శతాబ్దాల్లో యూద ద్వేషానికి అవి ఆయుధమయ్యాయి. కతోలిక చర్చి ఆ ద్వేషాన్ని అధికారికంగా ఖండించింది 1965లో, రెండో వాటికన్ మహాసభ ప్రకటనలో.

పాశ్చాత్య చర్చిలో ఒక చిన్న జాడ మిగిలింది. సెప్టెంబరులో వచ్చే ఉపవాస దినాల్లో (ఎంబర్ డేస్) శనివారం నాడు లేవీయకాండంలోని ఈ పండుగ భాగాన్నే చదివేవారు. దాని ఆధారంగా జాఁ దానియేలూ అనే ఫ్రెంచి వేదాంతి పాత పండుగకూ ఆ ఉపవాసాలకూ బంధుత్వం చూపాడు.

క్రైస్తవ సంఘాలు ఈ పండుగను పండుగగానే ఆచరించడం ప్రధానంగా 20వ శతాబ్దపు పరిణామం. అమెరికాలో హెర్బర్ట్ ఆర్మ్‌స్ట్రాంగ్ స్థాపించిన సంఘం దీన్ని విధిగా చేసింది. పస్కాకు సిలువ, వారాల పండుగకు పరిశుద్ధాత్మ నెరవేర్పు అయ్యాయి గనుక మూడోదాని నెరవేర్పు రాబోయే వెయ్యేళ్ల రాజ్యమన్నది వారి వాదం. 1986లో ఆయన పోయాక సంఘం ఆ నియమం సడలించింది, చీలిన వర్గాలు పట్టు వదల్లేదు. 1980లో ఇశ్రాయేలు యెరూషలేమును రాజధానిగా చట్టం చేయగా విదేశీ రాయబార కార్యాలయాలు తెల్ అవీవుకు తరలిపోయాయి. ఆ శరత్తులోనే పండుగకు వచ్చిన క్రైస్తవులు యెరూషలేములో ‘ఇంటర్నేషనల్ క్రిస్టియన్ ఎంబసీ’ని తెరిచారు. అది నిర్వహించే వార్షిక పండుగకు అనేక దేశాల నుంచి జనం వెళతారు. దీన్ని భక్తిగా చూసేవారు ఉన్నారు, రాజకీయంగా చూసేవారూ ఉన్నారు. యెరూషలేములోని లాటిన్ పాట్రియార్కు మిషెల్ సబ్బాహ్‌తో పాటు మరికొందరు స్థానిక మతాధిపతులు 2006లో క్రైస్తవ జియోనిజాన్ని, అంటే బైబిలు ఆధారంగా ఇశ్రాయేలు రాజ్యాన్ని సమర్థించే క్రైస్తవ వాదాన్ని, ఖండిస్తూ ప్రకటన చేశారు. యేసు పుట్టింది ఈ పండుగ రోజుల్లోనేనన్న లెక్క కూడా ప్రచారంలో ఉంది. బాప్తిస్మమిచ్చు యోహాను తండ్రి అయిన జెకర్యా యాజకుడి దేవాలయ సేవ వంతు నుంచి నెలలు కట్టుకుంటూ వెళ్లే ఆ గణనలో ఊహ పాలు ఎక్కువ.

తెలుగునాట గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో, పూర్వం బాప్టిస్టు సంఘంలో ఉన్న కొన్ని కుటుంబాలు తమను ఎఫ్రాయిము గోత్రపు యూదులుగా చెప్పుకొంటూ యూదుల పండుగలు చేసుకుంటున్నాయి. ఇక కొత్త ధాన్యం, గుమ్మడికాయలు, కోళ్లు గుడికి తెచ్చి, ఆరాధన అయ్యాక వేలం వేసే కోత పండుగను పర్ణశాలల పండుగకు కొనసాగింపుగా చెప్పే బోధకులు ఉన్నారు. భావంలో పోలిక ఉన్నా వంశం వేరు. నేటి రూపంలోని కోత పండుగ ఆరాధనను 1843లో ఇంగ్లండులోని కార్న్‌వాల్‌లో, మోర్వెన్‌స్టో గ్రామ గురువు రాబర్ట్ హాకర్ మొదలుపెట్టాడు.