గండిపేటకు ఎగువన

గండిపేట నీళ్ళు తాగినవాడు హైదరాబాద్ విడిచి పోడని ఒక మాట ఉంది. మా ఊరు ఆ గండిపేట చెరువుకు ఎగువన, మొయినాబాద్ మండలంలో ఉంది. మేము ఆ నీళ్ళు ఎన్నడూ తాగలేదు. ఇంటి వెనక బావి ఉండేది, మా దాహానికి అదే. మా చెలకల మీద పడ్డ వాన మాత్రం ఒక వాలున మూసీలోకి, ఇంకో వాలున ఈసీలోకి దిగి, గండిపేటలోనో హిమాయత్ సాగర్‌లోనో ఆగి పట్నం కుండల్లోకి పోయేది.

నాయినకు మూడెకరాలు. టమాట, బెండ, కొత్తిమీర పండించేవాడు. కోడి కూయకముందే లేచి కొత్తిమీర కట్టల వేళ్ళకున్న మన్ను వాగులో జాడించి, తడి గోనెసంచి కప్పి గంపలకెత్తేవాడు. పిల్లలం చెంబు పట్టుకుని వాగు ఒడ్డుకు పోబోతే దూరం నుంచే కేకేసేవాడు. "అటు చెలకలోకి పోండ్రి. ఈ నీళ్ళు పట్నపోళ్ళు తాగుతరు, గలీజు చేయొద్దు." ఆ మాట ఆయనకు ఎవరూ కాగితం మీద రాసివ్వలేదు. వాళ్ళ నాయిన చెప్పాడట.

తర్వాత నేను జీవశాస్త్రం చదివి, మా పక్క ఊరి హైస్కూల్లోనే ముప్పై ఏళ్ళు టీచరుగా చేశాను. ఈ రెండు చెరువుల కథ ముక్కలు ముక్కలుగా తెలుసుకున్నాను. పట్నం వైపు నుంచి ఈ కథ చాలామంది చెప్పారు. నేను ఎగువ నుంచి చెబుతాను.

ఈ చెరువులు కట్టడానికి మొదటి కారణం వరద. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి హైదరాబాద్‌ను ముంచింది. పదిహేను వేలమంది పోయారని లెక్క చెబుతారు. అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది బతికారు, ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. మరుసటి ఏడాది మోక్షగుండం విశ్వేశ్వరయ్యను నిజాం ప్రభుత్వం పిలిపించింది. ఆయన నగరంలో కూర్చుని నదిని కొలవలేదు, పరీవాహక ప్రాంతమంతా లెక్క తీయించాడు. మూసీ పరీవాహకంలో 788 చెరువులున్నాయని, ఆ వరదలో 221 చెరువులు తెగాయని, అందులో 182 ఈసీ వైపువేనని ఆ లెక్కలో తేలింది. చదువుతుంటే ఒళ్ళు జలదరించింది. అంటే పట్నాన్ని ముంచిన నీళ్ళు ఊరికే ఆకాశం నుంచి ఊడిపడలేదు. మా వైపు ఊళ్ళలో ఒక చెరువు తెగి కిందిదాన్ని తెంపితే, అది ఇంకోదాన్ని తెంపితే, ఆ గొలుసంతా ఒక్క రాత్రిలో పట్నం మీద పడింది. ఎగువ ఊరి కట్ట బలం మీదే దిగువ నగరం ప్రాణం ఆధారపడి ఉందని ఆ ఇంజనీరుకు నూరేళ్ళ కింద తెలుసు.

నగరానికి పైన రెండు నదుల మీదా ఆనకట్టలు వేయమని ఆయన చెప్పాడు. మూసీ మీద గండిపేట దగ్గర ఉస్మాన్ సాగర్ 1920లో పూర్తయింది. ఈసీ మీద హిమాయత్ సాగర్ 1927లో. మొదటిది అప్పటి నిజాం పేరు, రెండోది ఆయన పెద్ద కొడుకు పేరు. పట్నంవాళ్ళు మాత్రం మొదటిదాన్ని గండిపేట అనే పిలుస్తూ వచ్చారు, ఊరి పేరు నిలిచింది.

వరదకోసం కట్టిన చెరువు ఖాళీగా ఉండాలి. దాహంకోసం కట్టినది నిండుగా ఉండాలి. ఈ రెండూ ఒకే గోడ వెనక ఎలా కుదురుతాయి? గేట్ల దగ్గర డ్యూటీలో ఉన్న ఇంజనీరుకు ప్రతి వానాకాలం ఇదే పరీక్ష. 2020 అక్టోబర్‌లో కుండపోత వానకు హిమాయత్ సాగర్ గేట్లు రాత్రివేళ ఎత్తాల్సి వచ్చింది. కింద మూసీ ఒడ్డు బస్తీల్లో ఆ రాత్రి నిద్ర లేదు.

గండిపేట నీటికి ఉన్న పెద్ద గుణం రుచి కాదు, వాలు. చెరువు ఎత్తున ఉంది, ఆసిఫ్‌నగర్‌లోని వడపోత మడుగులు పల్లాన ఉన్నాయి. నీళ్ళు కాలువ వెంట వాటంతట అవే నడిచి వస్తాయి. మోటారు లేదు, కరెంటు బిల్లు లేదు. తర్వాత తర్వాత నగరం పెరిగి, 1965లో మంజీర నీళ్ళు, 1990ల్లో సింగూరు నీళ్ళు, 2004లో కృష్ణా నీళ్ళు, 2015లో గోదావరి నీళ్ళు తెచ్చుకుంది. కృష్ణా, గోదావరి నీళ్ళు నూరు కిలోమీటర్లకు పైగా దూరం నుంచి పంపులతో ఎత్తి తేవాలి. కరెంటు పోతే నీళ్ళూ పోతాయి.

1990ల్లో నగరం మా వైపు నడవడం మొదలుపెట్టింది. ఫామ్‌హౌస్‌లు, ఫంక్షన్ హాళ్ళు, కాలేజీలు వచ్చాయి. అప్పుడు సర్కారుకు భయం పట్టుకుంది. 1994లో ఒక జీవో, దాన్ని సవరించి 1996 మార్చి 8న 111 నంబరు జీవో వచ్చాయి. రెండు చెరువుల పూర్తి నీటిమట్టం గీత నుంచి 10 కిలోమీటర్ల లోపల కాలుష్య పరిశ్రమలు, పెద్ద హోటళ్ళు, కాలనీలు పెట్టగూడదు. 84 ఊళ్ళు, ఒక లక్షా ముప్పై రెండు వేల ఎకరాలు దాని కిందికి వచ్చాయి. నూటికి తొంభై వంతుల భూమి పొలంగా, చెట్టుగా, ఖాళీగా ఉండాలి. మా ఊరు ఆ 84లో ఒకటి. దేశంలో ఒక ప్రభుత్వం ఒక నగరపు తాగునీటి కోసం ఇంత పెద్ద పరీవాహక ప్రాంతాన్ని ఒక్క కాగితంతో కట్టడి చేయడం మామూలు సంగతి కాదు. ఆ కాగితం రాసినవాళ్ళకు నేను ఇప్పటికీ మనసులో దణ్ణం పెడతాను.

రాసిన చేతే రెండేళ్ళు తిరగకుండా దాన్ని సడలించబోయింది. శంషాబాద్ వైపు ఆముదంతో రసాయనాలు తయారుచేసే ఒక కంపెనీకి 1997లో ప్రభుత్వం ఈ నిషేధం నుంచి మినహాయింపు ఇచ్చింది. ఆముదమే కదా, తలకు రాసుకునేదే కదా అనిపిస్తుంది. కానీ దాన్ని హైడ్రోజన్‌తో గట్టిపరచడానికి నికెల్ వాడతారు, వాడేసిన నికెల్ వ్యర్థంగా మిగులుతుంది. ఇక్కడ నాలోని టీచరు ఆగలేదు. సూక్ష్మజీవిని క్లోరిన్ చంపుతుంది. నికెల్‌ను క్లోరిన్ ఏమీ చేయలేదు. నీటిలో కలిశాక తీయడం కంటే కలవకుండా చూడడం వెయ్యిరెట్లు సులువు.

కాలుష్య నియంత్రణ మండలి ఒప్పుకోలేదు, వ్యవహారం సుప్రీంకోర్టుకు పోయింది. జస్టిస్ ఎం. జగన్నాథరావు, రాజమండ్రిలో పుట్టిన మన తెలుగు న్యాయమూర్తి, 1999 జనవరి 27న ఒక తీర్పు, 2000 డిసెంబర్ 1న తుది తీర్పు రాశారు. తుది తీర్పు నాటికి పదవిలో ఆయనకు చివరి రోజులు. హాని జరుగుతుందని ప్రజలు రుజువు చేయనక్కరలేదు, జరగదని పరిశ్రమ పెట్టేవాడే రుజువు చేయాలి అన్నది ఆ తీర్పుల సారం. తాగునీటి హక్కు జీవించే హక్కులో భాగమని చెప్పి, ప్రభుత్వం ఇచ్చిన మినహాయింపు చెల్లదన్నారు. కాలుష్య కేసుల్లో ఈ దేశమంతా నేటికీ ఎత్తి చూపే తీర్పులు అవి. మా వాగుల పేరు మీద వచ్చాయని మా ఊళ్ళో చాలామందికి తెలియదు. నేను తొమ్మిదో తరగతి పిల్లలకు ఏటా చెప్పేదాన్ని.

ఆ పిల్లలనే ఒకసారి, 2009 ప్రాంతంలో, చెరువు దగ్గరకు తీసుకుపోయాను. ఇంట్లో పాత స్టీలు పళ్ళెం ఒకటి తెచ్చి, నాలుగు భాగాలు గీసి, రెండింటికి తెలుపు, రెండింటికి నలుపు రంగు వేశాం. మధ్యలో బెజ్జం కొట్టి తాడు కట్టి, తాడుకు జానెడు జానెడుకు ముడి వేశాం. ఒక జాలరి తన తెప్పలోంచి దాన్ని నీటిలోకి దింపాడు. పళ్ళెం కంటికి కనబడకుండా పోయేదాకా ఎన్ని ముడులు మునిగాయో లెక్కపెట్టాలి. చెరువు మధ్యలో ఏడు ముడులు మునిగాయి. మా వాగు చెరువులో కలిసే మూల మూడో ముడికే పళ్ళెం మాయమైంది. అక్కడ నీరు పచ్చగా, ఒడ్డున గుర్రపుడెక్క పరుచుకుని ఉంది. మురుగులోని భాస్వరం, నత్రజని తిని నాచు బలుస్తుంది, గుర్రపుడెక్క బలుస్తుంది. మురుగు వాటికి ఎరువే కదా.

పరీక్ష కోసం మందు పట్టించిన కాగితం ముక్క వేసిన నాలుగు సీసాలు కూడా పట్టుకుపోయాం. నీళ్ళు పోసి ఒకట్రెండు రోజులు ఉంచితే, మలం కలిసిన నీరైతే నల్లబడతాయి. ఊరికి పైన వాగులో నింపిన సీసా రెండో రోజు సాయంత్రానికి బూడిదరంగు తిరిగింది. ఊరి మురుగు కలిసిన చోటుది మరునాడు పొద్దున్నే తారులా ఉంది. చెరువు ఒడ్డుది కూడా నల్లబడింది. బడి కుళాయి నీళ్ళు తేటగా ఉండిపోయాయి. ఒక పిల్ల సీసా పట్టుకుని నన్నడిగింది. "టీచర్, ఫ్యాక్టరీ పెట్టనియ్యలేదు గదా, మరి ఇదెట్ల నల్లగైంది?"

ఆ ప్రశ్నకు జవాబే ఈ కథలో అందరూ వదిలేసిన భాగం. జీవో వద్దన్నవాటి జాబితా రాసింది, మా ఊళ్ళకు కావలసినవాటి జాబితా రాయలేదు. మురుగు కాలువ ఎవరు కట్టాలి, ఆ మురుగును ఎక్కడ శుద్ధిచేయాలి, దానికి డబ్బు ఎవరివ్వాలి? గ్రామ పంచాయతీకి వీధిదీపాల బిల్లు కట్టుకోవడమే గండం. ఊళ్ళో మరుగుదొడ్లు వచ్చాయి, మంచిదే. వాటి గుంతలు నిండితే ట్యాంకర్ వస్తుంది. ఆ ట్యాంకర్ చీకటి పడ్డాక వాగు మలుపులో పైపు విప్పడం నేను కళ్ళారా చూశాను. పొద్దున వెళ్ళి పంచాయతీలో చెబితే, వాళ్ళు మండలాఫీసులో చెప్పమన్నారు, మండలాఫీసువాళ్ళు చెరువు పట్నానికి నీళ్ళిచ్చే జలమండలిదన్నారు. జలమండలి చూపు నీటి అంచు దగ్గరే ఆగుతుంది, ఆ నీరు పుట్టేది మాత్రం మా గడపల్లో.

మా తమ్ముడి మాట కూడా రాయాలి, లేకపోతే నాది ఒంటికంటి చూపవుతుంది. బిడ్డ పెళ్ళికి ఎకరం అమ్మబోతే "ఇది త్రిబుల్ వన్ భూమి" అని కొనేవాళ్ళు పెదవి విరిచారు. పక్కనే కోకాపేటలో 2023 వేలంలో ఎకరం వంద కోట్లు దాటింది. "పట్నం తాగే నీళ్ళకు మనం పొలాలు కట్టేసుకుని కూసోవాలె. పట్నం మనకేమిచ్చింది అక్కా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. మాకు జీవో వచ్చిన మరుసటి ఏడాదే, 1997లో, న్యూయార్క్ నగరం తన తాగునీటి చెరువుల ఎగువనున్న ఊళ్ళతో ఒప్పందం రాసుకుంది. ఆ ఊళ్ళ సెప్టిక్ ట్యాంకులు బాగుచేయడానికి, పేడ, ఎరువు వాగులో కలవకుండా రైతులు ఏర్పాట్లు చేసుకోవడానికి నగరం తన నీటిబిల్లుల్లోంచి డబ్బిచ్చింది. అమ్మడానికి ఇష్టపడినవాళ్ళ భూమి కొన్నది. కోట్లు పోసి వడపోత కేంద్రం కట్టడం కంటే అదే చవకని లెక్క వేసుకుంది. మా ఊళ్ళకు నిషేధం వచ్చింది, ఒప్పందం రాలేదు. పాతికేళ్ళు ఊళ్ళు జీవోను శత్రువుగా చూశాయంటే తప్పు ఊళ్ళది కాదు.

2022 ఏప్రిల్‌లో 69 నంబరు జీవో వచ్చింది. నగరం తాగే నీటిలో ఈ చెరువుల వాటా ఒకటింపావు శాతమేనని, నీటి నాణ్యత చెడకుండా చూస్తూ 111 ఆంక్షలు ఎత్తేయవచ్చని దాని సారాంశం. 2023 మేలో మంత్రివర్గం 111ను పూర్తిగా రద్దుచేస్తామంది. మా ఊళ్ళో ఆ రోజు టపాసులు కాల్చారు. తమ్ముడు మిఠాయి తెచ్చాడు. నేను తీసుకున్నాను, తిన్నాను కూడా, వాడి సంతోషం అబద్ధం కాదు. కానీ ఒకటింపావు శాతం అన్న లెక్కను నేను ఒప్పుకోను. మోటారు లేకుండా నగరానికి నడిచొచ్చే నీళ్ళు ఇవి. కరువొచ్చి కృష్ణా అడుగంటిన ఏడాది వీటి విలువ శాతాల్లో చెప్పలేం. పైగా ఆనకట్టలు కట్టింది మొదట వరద కోసం. ఎగువ పొలమంతా కాంక్రీటైతే నేలలో ఇంకాల్సిన వాన గంటలో గేట్ల దగ్గరికి వస్తుంది.

జీవో ఉంటుందో పోతుందో సర్కారు, కోర్టులు చూసుకుంటాయి. మా చేతిలో ఉన్నది ఊరి సభ. ఇంకో వానాకాలం వచ్చేలోపు ఈ 84 ఊళ్ళలో, పంచాయతీ అయినా మున్సిపాలిటీ అయినా, కొత్త ఇంటికో హాలుకో అనుమతి మాట వచ్చినప్పుడు లేచి నిలబడి ఒక్క ప్రశ్న అడగండి. దీని మురుగు ఏ వాగులో కలుస్తుంది? జవాబును తీర్మానం పుస్తకంలో రాయించి, సర్పంచో చైర్మనో చేసిన సంతకం పక్కన మీ సంతకం కూడా పెట్టండి. ఆ నల్ల సీసా నా బీరువాలో ఇంకా ఉంది, కావాలంటే సభకు తెస్తాను.